పైరు ఆకలిని ఆకునుబట్టి గుర్తించుట

పైరు పసుపుబారగానే మన రైతులలో పెక్కుమంది యూరియా బస్తా విప్పుదురు. కొందఱు పురుగుమందుల దుకాణమునకు పోవుదురు. పసుపు రంగొక్కటే యైనను దానికి కారణములు పెక్కు. కారణ మెఱుగక చేసిన ఖర్చు వృథా. ఆలోగా అదను దాటిపోవును. కావున ఆకును పరీక్షించు విధమును సభ్యులకు విన్నవించుచున్నాము.

నల్లగండ్ల చుట్టుపట్ల నేడు పొలములకంటె మేడలే హెచ్చు. అయినను అచ్చట పెరటిలో టమాట, కరివేప పెంచువారికిని, శంకరుపల్లి, చేవెళ్ల వైపు వరి, కూరగాయలు పండించువారికిని ఈ విధ మొక్కటియే.

మొట్టమొదట వేరును, ఆకు అడుగును చూడవలెను. మెట్టపైరు మొదట నీరు నిలిచినను, ఆకు అడుగున రసము పీల్చు పురుగు లున్నను ఆకు పసుపుబారును. ఇవి లేనిచో, ముందు చెడినది ముదురాకా, లేతాకా యని చూడవలెను.

నత్రజని, భాస్వరము, పొటాషు, మెగ్నీషియము మొక్కలో సులభముగా కదలును. ఇంట గింజలు తఱిగినపుడు తల్లి తన కంచములోనిది బిడ్డకు పెట్టునట్లు, మొక్క ముదురాకులలోని సారమును చిగురునకు పంపును. కావున ముదురాకులే ముందు చిక్కును. ఆకంతయు పాలిపోయినచో నత్రజని లోపము. అంచులు మాడినచో పొటాషు లోపము. ఈనెలు పచ్చగా నుండి నడిమి భాగము పసుపైనచో మెగ్నీషియము లోపము. మొక్క గిడసబారి ఆకు ఊదారంగు తిరిగినచో భాస్వర లోపము.

ఇనుము, కాల్షియము అట్లు కదలవు. వీని లోపము చిగురునందే కనబడును. లేతాకు ఈనెలు మాత్రము పచ్చగా మిగిలినచో ఇనుప లోపము. సున్నపు నేలలలో ఇది హెచ్చు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లవలెను. టమాటకాయ అడుగు నల్లబడుట కాల్షియ మందకపోవుటచే కలుగును. తడులు సమముగా పెట్టనిచో ఇది పెరుగును.

లోపమును తెగులని భ్రమించుట కొత్త గాదు. ఉత్తర హిందూస్థానపు తరాయిలో వరిని పాడుచేసిన ఖైరా తెగులునకు జింకు లోపమే కారణమని పంత్‌నగరులో వై. ఎల్. నేనె గారు 1966లో ప్రకటించిరి. పిమ్మట వారు మనకు సమీపమున పటాన్‌చెరువులోని ఇక్రిశాట్‌లో పెక్కేండ్లు పనిచేసిరి. నాటిన 2 మొదలు 4 వారములలో వరి ఆకులపై తుప్పురంగు మచ్చలు లేచి, లేతాకు మొదట నడిమి ఈనె పాలిపోయినచో జింకు లోపమని శంకింపవలెను. లీటరునకు 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి, 5 దినముల కొకమాఱు రెండు మూడు పర్యాయములు చల్లవలెను. మడిలో వేయునపుడు ఎకరమునకు 20 కిలోలు ఆఖరు దమ్మున వేయవలెను. భాస్వరపు ఎరువుతో కలుపరాదు.

ఏ మందు చల్లినను ఒక సాలు చల్లక విడువుడు. చల్లిన సాలులో కొత్తగా వచ్చు ఆకులు పచ్చబడి, విడిచిన సాలు మాఱనిచో మీ నిర్ణయము సరియైనది. రెండు నొకతీరుగా నున్నచో మందు మాని వేఱు కారణమును వెదకుడు. చెడిన పాత ఆకు మరల బాగుపడునని యెదురుచూడవలదు.

ఆకు చెప్పునది శంక మాత్రమే. నిశ్చయము మట్టి పరీక్షవలన కలుగును. పైరు వేయకముందే పొలమున 8, 10 చోట్ల జానెడు లోతువరకు మట్టి తీసి, కలిపి, నీడ నార్చి, అరకిలో పరీక్షకు పంపుడు. ఒక బస్తా తక్కువ కొనుటయు రాబడియే.