రేకు గట్టిదైతే ప్రాణానికి భద్రమేనా?

మచ్చ బొల్లారం నుంచి అల్వాల్ మీదుగా సికింద్రాబాద్ వైపు వెళ్లే దారిలో ఇప్పుడు అంబాసిడర్ కనిపించడం అరుదు. ఒకప్పుడు అది ఊరందరికీ తెలిసిన బండి. పక్కనే బొల్లారంలో రాష్ట్రపతి నిలయం, చుట్టూ కంటోన్మెంటు. మంత్రులైనా, పెద్ద అధికారులైనా ఎర్రబుగ్గ పెట్టిన తెల్ల అంబాసిడర్‌లోనే వచ్చేవారు. ఇప్పుడు ఎయిర్‌పోర్టుకు క్యాబ్ బుక్ చేస్తే ఎక్కువగా వచ్చేది మారుతి డిజైర్.

బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో 1950ల చివర హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్ తయారీ మొదలుపెట్టింది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014 దాకా ఆ కారు తయారైంది. దాని పొడవు 4.3 మీటర్లు, డిజైర్‌ది 3.995. నాలుగు మీటర్ల లోపుంటే పన్ను తక్కువ కాబట్టే ఈ కొలత. అయినా ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం రెండింటిలోనూ దాదాపు సమానమే. డిజైర్ ఇంజన్‌ను అడ్డంగా బిగించి, ముందు చక్రాలనే తిప్పేలా చేయడంతో బానెట్ పొట్టిదైంది.

బానెట్ ఎత్తితే తేడా స్పష్టంగా తెలుస్తుంది. అంబాసిడర్‌లో ఇంజన్ పక్కన చేయి పెట్టేంత ఖాళీ ఉంటుంది. కార్బురేటర్, డిస్ట్రిబ్యూటర్, ప్లగ్గులు వరసగా కళ్లముందే ఉంటాయి. బండి మొరాయిస్తే రోడ్డు పక్కన మెకానిక్ ప్లగ్గు విప్పి, మసి గీకి, పాయింట్లు సరిచేసి పంపేవాడు. డిజైర్‌లో పెట్రోల్ ఎంత చిమ్మాలో, నిప్పురవ్వ ఎప్పుడు పడాలో కంప్యూటర్ చూసుకుంటుంది. లోపం పట్టడానికి స్కానర్ పెట్టాలి. మరమ్మతు చేతిలోంచి జారింది కానీ మైలేజీ పెరిగింది: 2024 మోడల్ మాన్యువల్ గేర్ల పెట్రోల్ డిజైర్‌కు కంపెనీ చెప్పే లెక్క లీటరుకు 24.79 కిలోమీటర్లు.

అసలు వాదన రేకు దగ్గర వస్తుంది. ‘పాత బండి ఉక్కు పిండం, ఇప్పటివి వేలితో నొక్కితే సొట్టపడతాయి’ అని పెద్దలు అంటారు. చిన్న చిన్న తాకిళ్లకు ఆ మాట నిజమే.

పెద్ద ప్రమాదంలో మాత్రం కాదు. 2009లో అమెరికాలో హైవే భద్రతా బీమా సంస్థ 1959 నాటి షెవ్రొలే బెల్ ఎయిర్‌ను, 2009 నాటి షెవ్రొలే మాలిబును ఎదురెదురుగా గుద్దించింది. రెండింటి వేగమూ గంటకు 64 కిలోమీటర్లు. బెల్ ఎయిర్‌లో స్టీరింగ్, డ్యాష్‌బోర్డు వెనక్కి దూసుకొచ్చి డ్రైవర్ బొమ్మను నలిపేశాయి. అక్కడ మనిషి ఉంటే బతికేవాడు కాదు. మాలిబులో ముందుభాగం నలిగింది గానీ కూర్చునే గది నిలబడింది. కాలికి స్వల్ప గాయంతో బయటపడవచ్చని తేలింది.

కారణం సూటిగానే ఉంది. గుద్దుకున్న శక్తి ఎక్కడో ఖర్చు కావాలి. ఇప్పటి కార్లలో ముందుభాగం నలిగి ఆ శక్తిని మింగుతుంది, సీటుబెల్టూ ఎయిర్‌బ్యాగూ మనిషిని పట్టి ఆపుతాయి. అంబాసిడర్ రూపుదిద్దుకున్న కాలంలో ఆ ఏర్పాటు లేదు. 2024 డిజైర్‌లో ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని రకాల్లోనూ ఉన్నాయి. గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల భద్రతకు అయిదు నక్షత్రాలు దక్కాయి.

అంబాసిడర్ మీద మమకారం ఉన్నవారు దాన్ని తప్పక కాపాడుకోవాలి. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న కారుకు ‘వీఏ’ అక్షరాలతో వింటేజ్ నంబరు దొరుకుతుంది. అలా నంబరు తీసుకున్న బండిని ర్యాలీలకు, ప్రదర్శనలకు, మరమ్మతుకు, పెట్రోల్ పోయించుకోవడానికి రోడ్డెక్కించవచ్చు. రోజువారీ ప్రయాణాలకు మాత్రం అనుమతి లేదు.