తుపాకి పక్కన పెట్టిన ఖొనోమా

నాగాలాండ్ రాజధాని కొహిమాకు పడమరగా 20 కిలోమీటర్లు వెళితే, కొండ కొమ్మున ఒకదాని పైన ఒకటి ఎక్కినట్టు కట్టిన ఇళ్లు కనిపిస్తాయి. అదే ఖొనోమా, అంగామీ నాగాల ఊరు. గడపలు నాలుగు వందల పైచిలుకే అయినా, ఈశాన్య భారత చరిత్ర రాసేవారెవరూ ఈ ఊరిని దాటి పోలేరు.

మెర్హుమా, సెమోమా, థెవోమా అని ఊళ్లో మూడు వాడలున్నాయి. వీటిని ఖేల్ అంటారు. పాత రోజుల్లో శత్రువు ఎక్కిరాకుండా రాతికోటలు కట్టుకున్నారు. నిటారు వాలు, ఇరుకు దారి, గట్టి ద్వారం. ఈ మూడింటినీ నమ్ముకున్న ఊరు బ్రిటిష్ వారికి కొరకరాని కొయ్య అయింది.

1879 అక్టోబరు 14న పొలిటికల్ ఆఫీసర్ డామంట్ సిపాయిలను వెంటబెట్టుకుని ఊరి ద్వారం దాకా వచ్చాడు. లోపలి నుంచి తుపాకులు పేలాయి. డామంట్ అక్కడే కూలిపోయాడు. అంతటితో ఆగకుండా అంగామీ యోధులు కొహిమాలోని బ్రిటిష్ శిబిరాన్నే ముట్టడించారు. మణిపూర్ సేనతో కర్నల్ జాన్‌స్టన్ వచ్చేదాకా లోపలివారికి ఊపిరాడలేదు. నవంబరు 22న ఖొనోమా మీద పెద్ద దాడి జరిగింది. ఆ పోరులో చూపిన తెగువకు కెప్టెన్ రిడ్జ్‌వేకు విక్టోరియా క్రాస్ దక్కింది. ఊరివారు మాత్రం లొంగలేదు. పై కొండల్లోని చక్కా స్థావరానికి తరలిపోయి, 1880 మార్చి దాకా నిలబడ్డారు.

శిక్ష కఠినంగానే పడింది. మడులు జప్తు చేసి, జనాన్ని చుట్టుపక్కల ఊళ్లకు చెదరగొట్టారు. తర్వాత వాళ్లు తిరిగొచ్చి ఊరు నిలబెట్టుకున్నారు. ఆ పోరులో చనిపోయిన బ్రిటిష్ అధికారుల పేర్లతో ఉన్న స్మారకం ఇప్పటికీ సెమోమా కోట దగ్గర ఉంది. నాగాల స్వాతంత్ర్యం కోసం నాగా నేషనల్ కౌన్సిల్‌ను నడిపి, చివరికి 1990లో లండన్‌లో కన్నుమూసిన ఎ.జెడ్. ఫిజో పుట్టింది కూడా ఈ ఊళ్లోనే.

యుద్ధం సంగతి అలా ఉంచితే, ఖొనోమా సేద్యం చూసి నేర్చుకోవలసింది. కిందనున్న లోయంతా మెట్లు మెట్లుగా వరిమడులు. పై వాలుల్లో పోడు. మన తూర్పు కనుమల్లోనూ పోడు ఉంది కానీ, ఇక్కడి పద్ధతి వేరు. ఆల్డర్ చెట్టును వీళ్లు మొదలంటా నరకరు. మనిషి ఎత్తుకు కాస్త పైన కొట్టేసి, మోడు ఎండిపోకుండా కోసిన చోట మట్టి మెత్తుతారు, లేదంటే రాయి పెడతారు. కొమ్మల్లో లావువి వంటచెరకుకు పోతాయి, రెమ్మలు, ఆకులు కాల్చి బూడిదను మట్టిలో కలుపుతారు. ఆ చెట్ల మధ్యనే మొక్కజొన్న, బంగాళాదుంప, మిరప వేస్తారు. ఆల్డర్ వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇస్తాయి. మోడు నుంచి మొలిచిన చిగుళ్లలో బలమైన నాలుగైదింటిని ఉంచి మిగతావి తీసేస్తారు. రెండేళ్లు పంట, ఆపై కొన్నేళ్లు బీడు. అందుకే ముదిరి బొడిపెలు కట్టిన మొదళ్లతో తరతరాల నాటి చెట్లు ఇంకా చిగురిస్తూనే ఉన్నాయి.

ఇక వేట సంగతికి వస్తే, నాగాలకు అది వినోదం ఒక్కటే కాదు, మగతనానికి గుర్తు, పండగ పూట కూర. ఇక్కడి అడవిలో బ్లైత్స్ ట్రాగోపాన్ అనే పక్షి ఉంది. నెమలి కుటుంబానికే చెందిన ఈ పక్షిలో మగదాని తల, మెడ నిప్పురంగులో మెరుస్తాయి. నాగాలాండ్ రాష్ట్ర పక్షి ఇదే. 1990ల తొలినాళ్లలో ఇవి వందల సంఖ్యలో వేటగాళ్లకు బలవుతుంటే ఊరి పెద్దలు కొందరు మేలుకున్నారు. కూర పోతుందన్నవారూ, తాతల నాటి అలవాటు మానేదెలా అన్నవారూ ఉన్నారు. వాదనలన్నీ అయ్యాక, 1998లో దాదాపు 20 చదరపు కిలోమీటర్ల అడవిని ఊరే అభయారణ్యంగా ప్రకటించి వేటను నిషేధించింది. కాపలా కాసేదీ, తప్పు చేసినవాడికి జరిమానా వేసేదీ ఊరివాళ్లే.

అటవీ శాఖ నోటిఫికేషన్ లేకుండా ఒక ఊరు ఇంత పని ఎలా చేయగలిగింది? అడవి ఊరిది కాబట్టి. రాజ్యాంగంలో 371డి అధికరణం అంటే తెలుగువారికి ఉద్యోగాల్లో, చదువుల్లో స్థానికత గుర్తొస్తుంది. నాగాలాండ్‌కు వర్తించేది 371ఎ. నాగాల ఆచార చట్టం, భూమి యాజమాన్యం వంటి విషయాల్లో పార్లమెంటు చేసిన చట్టమైనా ఆ రాష్ట్ర శాసనసభ ఒప్పుకుంటేనే అమలవుతుంది. నేల మీద హక్కు ఊరికీ, వంశాలకూ ఉంది కనుకే ఊరి మాటకు అంత బలం.

అభయారణ్యం పేరు పాకాక పర్యాటకులు రావడం మొదలైంది. నాగాలాండ్‌లోకి రావాలంటే ఇతర రాష్ట్రాల వారికి ఇన్నర్ లైన్ పర్మిట్ అనే అనుమతిపత్రం తప్పనిసరి. ఊళ్లోకి అడుగుపెట్టాక ప్రవేశ రుసుము కట్టి, స్థానిక గైడ్ వెంట నడవాలి. బస కూడా ఊరివాళ్ల ఇళ్లలోనే. ఒకప్పుడు తుపాకి పట్టి పక్షుల జాడ తీసిన వేటగాళ్లలో కొందరు ఇప్పుడు అవే పక్షులను చూపించి సంపాదించుకుంటున్నారు.