రోజర్ షెల్డన్: వ్యర్థాన్ని లెక్కగట్టిన ఆచార్యుడు

ఒక చర్యలో దిగుబడి 90 శాతం వస్తే అది మంచి పద్ధతి అని మీరు చదువుకున్నారు. మరి ఆ చర్యలో వాడిన తక్కిన పదార్థాలన్నీ ఏమైనట్లు? ఈ ప్రశ్నకు ఒక కొలమానం ఇచ్చినవారు రోజర్ షెల్డన్.

1942లో ఇంగ్లండులో జన్మించిన షెల్డన్, లీస్టర్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది, 1969 నుంచి 1990 వరకు నెదర్లాండ్స్‌లోని పరిశ్రమలలో పనిచేశారు. ఆ కాలంలో ఫ్లోరోగ్లూసినాల్‌ను టి.ఎన్.టి. నుంచి తయారుచేసేవారు. దిగుబడి బాగానే ఉన్నా, 1 కిలో ఉత్పన్నానికి సుమారు 40 కిలోల ఘన వ్యర్థం మిగిలేది. డైక్రోమేట్, ఇనుము వంటి కారకాలు చర్యలో పూర్తిగా ఖర్చయి లవణాలుగా మారడమే ఇందుకు కారణం.

1991లో డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆచార్యులైన ఆయన, 1992లో ఈ నిష్పత్తిని ప్రచురించారు:

ఇ-గుణకం = వ్యర్థం ద్రవ్యరాశి ÷ ఉత్పన్నం ద్రవ్యరాశి

దీని విలువ చమురు శుద్ధిలో సుమారు 0.1, ఔషధాల తయారీలో 25 నుంచి 100 వరకు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ.

ఉత్ప్రేరకం చర్యలో ఖర్చు కాదు, కొద్ది పరిమాణంలోనే సరిపోతుంది. కాబట్టి ఇ-గుణకం తగ్గుతుంది. 2000లో షెల్డన్ బృందం పల్లాడియం ఉత్ప్రేరకంతో, నీటినే ద్రావణిగా, గాలినే ఆక్సీకరణిగా వాడి ఆల్కహాల్‌లను ఆక్సీకరణం చేసింది. ఇందులో గాలిలోని ఆక్సిజన్ చివరకు నీరుగా మారుతుంది. క్రోమియం లవణాలు మిగలవు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 90 శాతం దిగుబడి ఇచ్చే ఒక పద్ధతిలో 200 కిలోల ఔషధానికి 5,000 కిలోల వ్యర్థం మిగిలింది. ఇ-గుణకం ఎంత? దిగుబడి ఒక్కటే చూస్తే ఈ విషయం తెలిసేదా?

(జవాబు: 25; తెలిసేది కాదు.)