ఇంటి కుక్క, ఊరకుక్క: గడప దాటని చట్టం

తెలుగులో ఊరపిచ్చుక, ఊరపంది, ఊరకుక్క అనే మాటల్లోని ‘ఊర’ అన్న పదానికి ఊరికి చెందినదని అర్థం కాగా, కాలక్రమంలో ఊరకుక్క అన్నది తిట్టుగా మారి, ఆ జంతువు ఎవరికీ చెందనిదన్న భావం స్థిరపడింది. కేంద్ర ప్రభుత్వం 2023 మార్చిలో ప్రకటించిన జంతు జనన నియంత్రణ నిబంధనలు యజమాని లేని కుక్కను ‘సామాజిక జంతువు’గా, అంటే ఒక ప్రాంతపు ప్రజలందరి మధ్య బతికే జంతువుగా పేర్కొనడంతో, పాత తెలుగు మాటలోని అసలు అర్థానికే చట్టం తిరిగి చేరినట్లయింది. అయితే ఊరకుక్క సంఖ్యను నిర్ణయించేది వీధి ఒక్కటే కాదనీ, ఇంట్లో పెరిగే కుక్క విషయంలో యజమానులు చూపే నిర్లక్ష్యానికీ వీధిలో పెరిగే మందకూ నేరుగా సంబంధం ఉందనీ స్థానిక సంస్థలు ఇప్పటికీ తగినంతగా గుర్తించలేదు.

2019 నాటి పశుగణన దేశంలో సుమారు 1.53 కోట్ల వీధికుక్కలున్నట్లు చూపగా, 2024లో 37 లక్షలకు పైగా కుక్కకాటు కేసులు నమోదైనట్లు కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. కరిచిన కుక్కకు యజమాని ఉన్నాడా లేడా అన్నది ఆ అంకె చెప్పదు. మనుషులకు సోకే రేబిస్‌లో దాదాపు 99 శాతం కుక్కల ద్వారానే వస్తుందనీ, ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి ఏటా టీకా వేస్తే వ్యాధి వ్యాప్తి తెగిపోతుందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ 70 శాతంలో ఇంటి కుక్కలూ వీధి కుక్కలూ కలిసే ఉంటాయన్నది గమనించవలసిన విషయం.

ఇంత ప్రమాదం ఉన్నప్పుడు కుక్కలను చంపేస్తే సరిపోదా అన్న ప్రశ్న ప్రతి దాడి తరువాతా తలెత్తుతుంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడు వీధికుక్కల దాడిలో మరణించినప్పుడు రగిలిన ఆగ్రహం న్యాయమైనదే. బిడ్డను కోల్పోయిన తల్లిదండ్రులకు జంతు సంక్షేమ సిద్ధాంతాలు వినిపించడం మానవత్వం అనిపించుకోదు. కానీ చంపడం ఫలించదని చెప్పేది జాలి కాదు, అనుభవం. మద్రాసు కార్పొరేషన్ దశాబ్దాల తరబడి కుక్కలను పట్టి చంపినా వాటి సంఖ్య తగ్గలేదు. దీన్ని గమనించిన బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా సంస్థ 1964లోనే శస్త్రచికిత్స ద్వారా సంతానాన్ని అరికట్టాలని ప్రతిపాదించగా, నగరపాలక సంస్థ ఆ మార్గంలోకి రావడానికి 1996 దాకా పట్టింది. ఆడకుక్క సాధారణంగా ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది, రెండు నెలల్లో ఈనుతుంది, ఒక్కో ఈతకు నాలుగైదు పిల్లలు పుడతాయి. చెత్తకుప్పల్లో మాంసపు వ్యర్థాలు దొరుకుతున్నంత కాలం, చచ్చిన కుక్కల చోటును పక్క వీధుల నుంచి వచ్చే టీకా లేని కొత్త కుక్కలు ఆక్రమిస్తూనే ఉంటాయి.

నిబంధనలు సూచించిన పద్ధతిలో, స్థానిక సంస్థ కుక్కను పట్టి, సంతానం కలగకుండా శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, గుర్తుగా చెవి అంచున గాటు పెట్టి, కోలుకున్న తరువాత పట్టిన చోటనే విడిచిపెట్టాలి. పద్ధతిలో లోపం లేదు, అమలులో ఉంది. ఏడాదికి ఇన్ని శస్త్రచికిత్సలు చేశామన్న మొత్తాన్ని నగరపాలక సంస్థలు ఘనంగా ప్రకటిస్తాయే గానీ, ఫలానా వార్డులోని ఆడకుక్కల్లో ఎన్నింటికి పూర్తయిందన్న నిష్పత్తిని అరుదుగా చెబుతాయి. ఫిర్యాదు వచ్చిన వీధిలో నాలుగు, మరో వీధిలో మూడు చొప్పున పట్టుకుంటూ పోతే, మిగిలిన ఆడకుక్కలు ఒక్క ఏడాదిలోనే ఆ లోటును భర్తీ చేస్తాయి. ఒక వార్డును పూర్తిచేసిన తరువాతే మరో వార్డుకు కదలడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు.

సుప్రీంకోర్టులో 2025లో జరిగిన వాదోపవాదాలూ ఈ చట్రం చుట్టూనే తిరిగాయి. దిల్లీ పరిసరాల వీధికుక్కలన్నింటినీ ఆశ్రయ కేంద్రాలకు తరలించాలని ఆగస్టు 11న ఇచ్చిన ఆదేశాన్ని ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం సవరించి, రేబిస్ సోకినవీ సోకినట్లు అనుమానం ఉన్నవీ, దూకుడుగా ప్రవర్తించేవీ తప్ప మిగిలిన వాటిని టీకా, శస్త్రచికిత్సల తరువాత పాత చోటికే పంపాలనీ, తిండి పెట్టడానికి వార్డుల్లో ప్రత్యేక స్థలాలు కేటాయించాలనీ చెప్పింది. నవంబరు 7న మాత్రం బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల వంటి చోట్ల నుంచి తొలగించిన కుక్కలను మళ్లీ అక్కడ వదలరాదని ఆదేశించింది.

ఈ చర్చ అంతటిలో దాదాపుగా వినిపించనిది పెంపుడు కుక్క యజమాని బాధ్యత. పల్లెల్లో కాపలా కోసం పెంచే కుక్కను పగలు కట్టేసి రాత్రి విప్పి వదలడం అలవాటు. దానికి శస్త్రచికిత్స జరగకపోతే ఊరకుక్కల సంతానంలో దానికీ పాలు ఉంటుంది. ఈనిన పిల్లల్లో మగవాటిని అడిగినవారికి ఇచ్చి, ఆడవాటిని సంత దగ్గరో ఊరి పొలిమేరలోనో వదిలిపెట్టే ఆచారం మరీ హానికరమైనది, ఎందుకంటే రేపటి మందకు తల్లులు కాబోయేవి అవే. పట్టణాల్లో మంచు ప్రదేశాలకు చెందిన హస్కీ వంటి జాతులను మోజు కొద్దీ కొని, మండుటెండల్లో సాకలేక వదిలించుకునేవారు ఉన్నారు. పెంపుడు జంతువును నిష్కారణంగా వదిలేయడాన్ని 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం నేరంగా పరిగణిస్తుంది గానీ, మొదటి తప్పుకు విధించే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. అరవై ఏళ్లు దాటినా ఆ అంకె మారకపోవడం సిగ్గుపడవలసిన విషయం. ఎప్పుడూ గొలుసుతో కట్టి ఉంచే కుక్కను తగినంతగా తిప్పకపోవడం కూడా అదే చట్టం ప్రకారం నేరమని చాలామంది యజమానులకు తెలియదు. తన జంతువు వల్ల ఇతరుల ప్రాణానికి ముప్పు రాకుండా జాగ్రత్త తీసుకోని యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ఆరు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించే వీలు కల్పిస్తోంది.

కాబట్టి పెంపుడు కుక్కల నమోదును పురపాలక కార్యాలయం వసూలు చేసే మరో రుసుముగా కాక, కుక్క ఎవరిదో, దానికి టీకా ఎప్పుడు వేశారో, శస్త్రచికిత్స అయిందో లేదో తెలిపే పత్రంగా చూడాలి. గ్రామ పంచాయతీ సైతం ఇంటి పన్ను పుస్తకం పక్కనే పెట్టుకోగల చిన్న పుస్తకం అది. పశువైద్యశాలలో ఆడకుక్కకు ఉచితంగా శస్త్రచికిత్స చేయించే ఏర్పాటు ఉంటే, పొలిమేరలో వదిలేసే పిల్లల సంఖ్య దానంతటదే పడిపోతుంది.

ఇవన్నీ అమలయ్యేదాకా కాట్లు తప్పవు గనుక చికిత్స గురించిన అపోహలూ తొలగాలి. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు వేస్తారన్న భయం పాత తరం టీకా నాటిది; దాని వాడకం దేశంలో ఆగిపోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మం పొరలోకి ఇచ్చే టీకాను మొదటి రోజు, ఆపైన 3, 7, 28వ రోజుల్లో భుజానికి వేస్తారు. గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాల పాటు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి; కాటు చర్మాన్ని చీల్చి ఉంటే టీకాతో పాటు ఇమ్యూనోగ్లోబులిన్, అంటే వైరస్‌ను గాయం దగ్గరే అడ్డుకునే సిద్ధ ప్రతిరక్షకాలను కూడా ఇస్తారు. లక్షణాలు బయటపడిన తరువాత రేబిస్‌కు చికిత్స లేదు గనుక, కరిచినది ఇంట్లో పెంచుకున్న కుక్కపిల్ల అయినా సరే, ఆసుపత్రికి వెళ్లడం మానవద్దు.