సూది తగ్గిందంటే నయమైనట్టు కాదు!

బళ్లారిలో ‘సక్కరె కాయిలె’ అంటారు. హోసూరులో ‘సర్కరై నోయ్’. మన ఇళ్లల్లో షుగర్ జబ్బు. ఏ భాషలో చెప్పినా, పిల్లలకొచ్చే టైప్-1 రకంలో తల్లిదండ్రుల్ని బోల్తా కొట్టించే దశ ఒకటుంది. ఇన్సులిన్ మొదలెట్టిన కొన్ని వారాలకు పిల్లాడు తేరుకుంటాడు, ఒళ్లు చేస్తాడు. పది యూనిట్లు వేసినచోట నాలుగే సరిపోతాయి. ‘నయమైపోయినట్టుందే’ అనిపిస్తుంది. ఇంతలో ఎవరో ఆకుపసరు సంగతి చెబుతారు. సూది ఆగిపోతుంది. ప్రాణం మీదికొచ్చేది అక్కడే.

డాక్టర్లు ఈ దశను ‘హనీమూన్’ అంటారు. పసిపిల్లల జబ్బుకు ఇదేం పేరో! జరిగేది ఇదీ. ఒంట్లోని రోగనిరోధక శక్తే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల మీద పడుతుంది. జబ్బు బయటపడేనాటికి కొన్ని కణాలు మిగిలుంటాయి. బయటి ఇన్సులిన్ అందగానే వాటికి ఊపిరాడి మళ్లీ పనిచేస్తాయి. కొందరిలో కొన్ని నెలలు, కొందరిలో ఏడాదికి పైనే. దాడి మాత్రం ఆగదు.

ఎవరిలో ఎంత త్వరగా?

కొంతవరకు ముందే అంచనా వేయొచ్చు. ఐదేళ్లలోపు జబ్బు వచ్చిన పిల్లల్లో సొంత ఇన్సులిన్ త్వరగా అడుగంటుతుంది. పెద్దపిల్లల్లో కాస్త నెమ్మది. మొదట్లోనే కీటోఅసిడోసిస్‌తో ఆస్పత్రిలో చేరినవారిలో హనీమూన్ చాలావరకు చిన్నదే. అసలు రాకపోవచ్చు కూడా.

కొలిచి చెప్పేది సి-పెప్టైడ్ రక్తపరీక్ష. ఒంట్లో ఇన్సులిన్ తయారైనప్పుడల్లా అంతే మోతాదులో సి-పెప్టైడ్ కూడా విడుదలవుతుంది. సూదిమందులో అది ఉండదు. కాబట్టి పరీక్షలో కనిపించినదంతా పిల్లాడి సొంతమే.

ఆ పరీక్ష చేయించలేనివారికి ఒక లెక్క ఉంది. రోజు మొత్తం యూనిట్లను బరువుతో భాగించి, నాలుగుతో గుణించి, హెచ్‌బీఏ1సీకి కలపాలి. 20 కిలోల పాపకు రోజుకు 8 యూనిట్లు, హెచ్‌బీఏ1సీ 7 అనుకోండి. 8ని 20తో భాగిస్తే 0.4, నాలుగుతో గుణిస్తే 1.6, మొత్తం 8.6. తొమ్మిది లోపుంటే హనీమూన్ నడుస్తున్నట్టు. దాటుతోందంటే ముగుస్తోందని. ఇది అంచనాకే, డోసు మార్చేది డాక్టరే.

మిగిలినది కొంచెమైనా విలువైనదే. అమెరికా, కెనడాల్లో 1983 నుంచి 1993 దాకా సాగిన డీసీసీటీ అధ్యయనంలో, సొంత ఇన్సులిన్ కాస్త మిగిలినవారిలో షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం, కళ్లు దెబ్బతినడం తక్కువగా కనిపించాయి.

జబ్బు రాకముందే పసిగట్టే దారీ ఉంది. రక్తంలో రెండు, అంతకుమించి రకాల యాంటీబాడీలున్న పిల్లల్లో పదేళ్లలో పదిమందికి ఏడుగురి దాకా జబ్బు బయటపడిందని 2013లో అమెరికా, ఫిన్లాండ్, జర్మనీ పిల్లల మీద వచ్చిన పరిశోధన తేల్చింది. అలాంటివారిలో జబ్బును సగటున రెండేళ్లు వాయిదా వేసే టెప్లిజుమాబ్‌కు అమెరికా 2022లో అనుమతిచ్చింది. ఖరీదు మాత్రం మనబోటి వాళ్లకు అందేది కాదు.

సూది వేసుకునే పిల్లలకు వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస, నోటి నుంచి పండ్ల వాసన వస్తుంటే అజీర్తి అనుకుని ఊళ్లో గ్లూకోజ్ సీసా ఎక్కించకండి. షుగర్ చూసి, ఆ గంటలోనే పెద్దాస్పత్రికి చేర్చండి.