అరుగు ఎవరిది?

అనంతపురంలో రోడ్డు విస్తరణకు కూల్చిన ఒక పాత మిద్దె ముందు ఈమధ్య ఆగాను. నాపరాతి బండలు, దూలాలు ఒకవైపు పేర్చి ఉన్నాయి. కలప కొనేవారున్నారు, రాయి ఎక్కువగా గుంతలు పూడ్చడానికే పోతుంది. పక్కనున్న టీ కొట్టు యజమాని మాత్రం రెండు రాళ్లపై ఒక బండ పరిచాడు. హమాలీలు, విద్యార్థులు దానిమీద కూర్చుని టీ తాగుతున్నారు.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే కరువు నేల ఇది. కొత్త కాంక్రీటు బల్లను రోజుల తరబడి నీటితో తడపాలి. పాత బండకు ఆ ఖర్చు లేదు. కూల్చివేత వ్యర్థాలతో తయారైన సామగ్రిని ప్రభుత్వ పనుల్లో 10 నుంచి 20 శాతం వరకు తప్పనిసరి చేయాలని 2016 నాటి కేంద్ర నియమాలు చెప్పాయి. బస్టాండుకు, ఆసుపత్రికి కావలసిన బల్లలు మన శిథిలాల్లోనే ఉన్నాయి.

అయితే నా ప్రశ్న పర్యావరణంతో ముగియదు. నేను వడ్డెర కుటుంబంలో పుట్టాను. మా ఊరి రచ్చబండకు రాళ్లు కొట్టినవారిలో మా తాత ఒకరు. పెద్దరైతు వస్తే ఆయన దానిమీది నుంచి లేచి నిలబడేవాడు. మాదిగలకైతే ఆ కట్ట ఎక్కే వీలే లేదు. బండను తెచ్చిన చేతులు వేరు, దానిపై కూర్చునే హక్కు వేరు అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-ఎ జాబితాలో ఉన్న వడ్డెరలు సరిహద్దు దాటితే కర్ణాటకలో భోవి పేరుతో ఎస్సీలు. సుత్తి ఒకటే, బతుకూ ఒకటే; రాజ్యం ఇచ్చిన గుర్తింపులే రెండు.

బావులు, చెరువులు, రోడ్లు, ప్రజలు గుమిగూడే చోట్ల వాడకంలో కులవివక్షను రాజ్యాంగంలోని 15(2) అధికరణ నిషేధించింది. వీధి బల్ల కూడా అలాంటి చోటే. కనుక పాత రాయితో బల్లలు వేయడం సుందరీకరణ పథకంగా మిగిలిపోకూడదు. ఆ పనిని గుత్తేదారులకు కాక, రాతిపని తెలిసిన వడ్డెర సహకార సంఘాలకు న్యాయమైన కూలితో అప్పగించాలి. బల్లలు పార్కు గేట్ల లోపలే కాక, దళితవాడల్లో, అడ్డా కూలీలు నిలబడే కూడళ్లలో పడాలి. దాతల పేర్లు, వాటి వెనుక కులం తోకలు వాటిపై చెక్కకూడదు.

టీ కొట్టు బండ మీద ఆ ఉదయం ఎవరూ ఎవరి ఇంటిపేరూ అడగలేదు. పురపాలక సంఘం నేర్చుకోవలసింది అదే.