కప్పు మీద పేర్లు

వరంగల్లువాళ్లకు మంచుగడ్డ అనగానే గుర్తుకు వచ్చేది ఎండాకాలం. చెరకురసం బండి, నిమ్మసోడా, పెళ్లివారింట గోనెపట్టాలో చుట్టి తెచ్చిన ఐసుదిమ్మ - మన పరిచయం అంతవరకే. ఒక్కసారి ఊహించి చూడండి: భద్రకాళి చెరువు ఒక రాత్రికి రాత్రి రాయిలాగా గడ్డకట్టిపోయింది. తెల్లవారేసరికి హనుమకొండ పిల్లలందరూ అడుగున ఉక్కుబద్ద బిగించిన బూట్లు తొడుక్కొని, చేత కర్రలు పట్టుకొని దాని మీద జారుతూ ఆడుతున్నారు! మనకిది కలలోని మాట. కెనడా దేశంలో మాత్రం చలికాలం వచ్చిందంటే ప్రతి ఊళ్లోనూ కనిపించే దృశ్యమే. ఆ ఆటకు ఐసు హాకీ అని పేరు.

ఆ ఆట సంగతి వరంగల్లులో ఉన్న మనకెందుకు అంటారేమో. వారి చరిత్రలో ఒక ఘనత ఉన్నది. సరిగ్గా అటువంటి ఘనతే, అంతకంటె కొన్నేళ్లు ముందుగానే, మనవాళ్లు సాధించారు. వారి ఆటగాళ్ల పేర్లు వెండి మీద ఎక్కాయి. మనవారి పేర్లు మన ఇళ్లలోనే మరుగున పడ్డాయి. అందుకే ఈ కథ.

బంతి లేని హాకీ

ఐసు హాకీలో బంతి ఉండదు. గట్టి రబ్బరుతో చేసిన గుండ్రని బిళ్ల ఉంటుంది. మూడంగుళాల వెడల్పు, ఒక అంగుళం మందం. దానిని పక్ అంటారు. గోలు కాచేవానితో కలిపి జట్టుకు ఆరుగురు ఆడుతారు. ఇరవయ్యేసి నిముషాల చొప్పున మూడు భాగాలుగా ఆట సాగుతుంది. కొట్టిన దెబ్బకు ఆ బిళ్ల మన రైలుబండి కంటె వేగంగా వస్తుంది. అయినా చాలాకాలం గోల్‌కీపర్లు ముఖానికి ఏ అడ్డమూ లేకుండానే దానికి ఎదురు నిలిచారు. 1959 నవంబరు 1న న్యూయార్కులో మాంట్రియల్ జట్టు గోల్‌కీపరు జాక్ ప్లాంట్ ముఖానికి పక్ తగిలి చర్మం చీలింది. కుట్లు వేయించుకొని వచ్చి, ముఖానికి తొడుగు లేనిదే ఇక ఆడనన్నాడు. ఆనాడు కొందరు అతన్ని పిరికివాడన్నారు. ఈనాడు తొడుగు లేని గోల్‌కీపరే లేడు.

ఈ ఆటలో అక్కడ అత్యున్నతమైన బహుమతి స్టాన్లీ కప్పు. కెనడాకు గవర్నర్ జనరల్‌గా వచ్చిన లార్డు స్టాన్లీ 1892లో దీనిని బహూకరించాడు. మొదటిసారి 1893లో ఇచ్చారు. చిత్రమేమంటే, కప్పు ఇచ్చిన దొర దాని కోసం జరిగిన ఒక్క పోటీ కూడా చూడకుండానే ఇంగ్లండు వెళ్లిపోయాడు!

చెక్కిన పేర్లు

ఈ కప్పుకు ఒక ఆచారం ఉన్నది. గెలిచిన జట్టు పేరు చెక్కి ఊరుకోరు. ఆటగాళ్ల పేర్లు కూడా ఒక్కొక్కటే దాని మీద చెక్కుతారు. 1924 తరువాత ఇది ఏటేటా సాగుతున్నది. అడుగున పట్టీల మీద పట్టీలు చేరి కప్పు మూడడుగుల ఎత్తుకు పెరిగింది. ఇక చోటు లేదనుకొన్నప్పుడు అన్నిటికంటె పాత పట్టీని ఊడదీసి టొరంటోలోని ప్రదర్శనశాలలో భద్రపరుస్తారు. పారవేయడం మాత్రం లేదు.

చెక్కేవారూ మనుషులే గనుక తప్పులూ దొర్లాయి. 1972లో బోస్టన్ జట్టు గెలిస్తే, ఆ పేరులో "ఓ" ఉండవలసిన రెండు చోట్లా "క్యూ" అక్షరం పడింది. పైన చెప్పిన ప్లాంట్ మహాశయుని పేరును ఒక్కొక్క ఏడు ఒక్కొక్క తీరున చెక్కారు. 1984లో ఎడ్మంటన్ జట్టు యజమాని తన తండ్రి పేరును కూడా జాబితాలో చేర్చాడు. ఆ ముసలాయనకు ఆటతో ఏ సంబంధమూ లేదు. పెద్దలు కనిపెట్టి ఆ పేరు మీద అడ్డంగా గుణకార చిహ్నాలు కొట్టించారు. ఆ మచ్చ ఇప్పటికీ ఉన్నది. తండ్రి మీద ప్రేమ మెచ్చదగినదే. కాని ఆడనివాని పేరు కప్పు మీద ఉండరాదని వారి పట్టుదల.

ఐదేళ్లు అక్కడ

1956 నుండి 1960 వరకు, వరుసగా ఐదేళ్లు, ఆ కప్పును మాంట్రియల్ కెనేడియన్స్ జట్టు గెలుచుకొంది. తరువాత ఎందరో ప్రయత్నించారు. నాలుగేళ్ల దాకా వచ్చి ఆగిపోయారు గాని, వరుసగా ఐదుసార్లు గెలిచిన జట్టు మరొకటి లేదు. ఆ జట్టులో మారిస్ రిచర్డ్, అతని తమ్ముడు ఆన్రీ రిచర్డ్ ఇద్దరూ ఆడారు. తమ్ముడు ఆటగాడిగా మొత్తం పదకొండు కప్పులు చూశాడు. అది నేటికీ రికార్డే. శిక్షకుడు టో బ్లేక్. ఆ దేశంలో పిల్లలు కూడా ఈ పేర్లు చెబుతారు.

ఆ రోజుల్లో ఆ లీగులో ఉన్నవి ఆరే జట్లు. మొదటి నాలుగు జట్లు చివరి పోటీలకు చేరేవి. వీటినే ప్లేఆఫులంటారు. ఒక జట్టుతో ఏడు ఆటలదాకా ఆడవచ్చు. ముందుగా నాలుగు గెలిచినవారు పైకి పోతారు. అంటే ఒకనాడు ఓడినా మరునాడు సరిదిద్దుకొనే వీలున్నది.

ఐదేళ్లు ఇక్కడ

ఇక మన కథకు వద్దాము. మన ఆట మంచు మీద కాదు, మట్టి మీద. హాకీ కాదు, ఫుట్‌బాలు. స్టాన్లీ కప్పు పుట్టడానికి ఒక్క ఏడాది ముందు, 1891లో, బొంబాయిలో రోవర్స్ కప్పు మొదలయింది. అదీ దొరలు పెట్టినదే. మొదట్లో అంతా తెల్ల పటాలాలదే రాజ్యం. 1937లో గాని ఒక భారతీయ జట్టు దానిని గెలవలేదు. ఆ జట్టు బెంగుళూరు ముస్లిమ్స్.

1950లో హైదరాబాదు నగర పోలీసు జట్టు బొంబాయి వెళ్లి ఆ కప్పును గెలిచింది. 1951లో గెలిచింది. 1952, 1953, 1954 - వరుసగా ఐదేళ్లు కప్పు హైదరాబాదు దాటి పోలేదు. మాంట్రియల్ వారి ఐదేళ్లు మొదలు కాకముందే మనవారి ఐదేళ్లు పూర్తి అయినాయి! పైగా ఇక్కడ ఏడు ఆటల వెసులుబాటు లేదు. ఓడితే పెట్టె సర్దుకొని రైలెక్కవలసిందే.

ఆడినవారు ఆటనే వృత్తిగా పెట్టుకొన్న లక్షాధికారులు కారు, పోలీసు శాఖలో నౌకరీ చేసుకొనేవారు. ఢిల్లీలో జరిగే డ్యూరాండ్ కప్పును కూడా 1950లో, 1954లో, 1957లో తెచ్చారు. ఆంధ్ర పోలీసు అని పేరు మారిన తరువాత 1961లో మరొకసారి తెచ్చారు. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు జట్టు 1956-57లో, 1957-58లో గెలిచింది. ఆ ఐదేళ్ల కాలంలో వరంగల్లు కూడా హైదరాబాదు రాష్ట్రంలోని జిల్లాయే. కాబట్టి ఈ ఘనతలో మనకూ వాటా ఉన్నది.

రహీం సాహెబు

ఈ జట్టును తీర్చిదిద్దినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టాడు. వృత్తి బడిపంతులు. 1950 నుండి పోలీసు జట్టుకూ, భారత జట్టుకూ ఆయనే శిక్షకుడు. 1952లో హెల్సింకి ఒలింపిక్సులో మనవాళ్లు కొందరు వట్టి కాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1 గోల్సుతో చిత్తుగా ఓడారు. నాలుగేళ్లకు, 1956లో మెల్‌బోర్నులో, అదే భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనలు చేరింది. ఒలింపిక్ ఫుట్‌బాలులో అంతదూరం పోయిన మొదటి ఆసియా జట్టు మనదే. చివరకు నాలుగవ స్థానం దక్కింది.

ఆ జట్టులో మన హైదరాబాదువారు ఎవరెవరో చూడండి: అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహమ్మద్ హుస్సేన్, జుల్ఫిఖారుద్దీన్, తులసీదాస్ బలరాం. హైదరాబాదులోనే పుట్టిన గోల్‌కీపరు పీటర్ తంగరాజ్ కూడా ఉన్నాడు. బలరాం సికింద్రాబాదు అమ్ముగూడలో పేదింటి పిల్లవాడు. అభ్యాసానికి రమ్మని రహీం సాహెబు పిలిస్తే, అంత దూరం రావడానికి కుర్రవాని దగ్గర పైసలు లేవు. సైకిలు అద్దె సాహెబే ఇచ్చాడు. ఆ సైకిలు మెల్‌బోర్ను దాకా పోయిందన్నమాట!

1962లో జకార్తాలో ఆసియా క్రీడల ఫైనలు. ఎదుట దక్షిణ కొరియా. ప్రేక్షకులు దాదాపు లక్షమంది, అందరూ మనకు ఎదురే. తలకు గాయమైన జర్నేల్ సింగ్ కట్టుతోనే ఫార్వర్డుగా ఆడి ఒక గోలు చేశాడు. మరొకటి పి.కె. బెనర్జీది. గోలులో తంగరాజ్. మైదానంలో బలరాం, మన పోలీసు జట్టు యూసుఫ్ ఖాన్. 2-1తో బంగారు పతకం మనది. ఆ రోజుకే రహీం సాహెబు ఊపిరితిత్తుల క్యాన్సరుతో బాధపడుతున్నాడు. 1963 జూన్ 11న కన్ను మూశాడు. ఆ తరువాత ఇంతవరకు ఆసియా క్రీడల ఫుట్‌బాలులో భారతదేశానికి మళ్లీ బంగారం రాలేదు.

ఆయన మీద "మైదాన్" అనే హిందీ సినిమా 2024లో వచ్చింది. మనలో చాలామందికి ఆయన పేరు అప్పుడే తెలిసింది. బలరాం అప్పటికి లేడు. కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు ఆడి, జబ్బు చేసి 1963లోనే ఆట మానుకొని, ఆ బెంగాలులోనే స్థిరపడి 2023 ఫిబ్రవరి 16న పోయాడు.

ఒక రాత్రి పండుగ

మధ్యలో ఒకసారి దీపం వెలిగింది. 2019లో హైదరాబాదు ఎఫ్.సి. అనే వృత్తిజట్టు ఏర్పడింది. 2022 మార్చి 20న గోవాలో ఇండియన్ సూపర్ లీగు ఫైనలు. కేరళ బ్లాస్టర్స్‌తో 1-1 సమానమై, పెనాల్టీల మీదికి వచ్చింది. గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. 3-1తో కప్పు మనది. కాని వృత్తిజట్లకు ఊరితో ఉండే బంధం యజమాని చేతిలో ఉంటుంది. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకొన్నది. రోవర్స్ కప్పు అయితే 2000-01 తరువాత జరగనే లేదు.

పోటీ ఆగిపోవచ్చు, జట్టు ఊరు మారవచ్చు. పేరు మాత్రం మన చేతిలోనిది. ఈ సంగతి ఓరుగల్లువారికి ఒకరు చెప్పనక్కరలేదు. వేయిస్తంభాల గుడిలో 1163 నాటి రుద్రదేవుని శాసనం నేటికీ నిలిచి ఉన్నది. పాలంపేట గుడిని 1213లో కట్టించినవాడు సేనాని రేచర్ల రుద్రుడు. లోపలి దేవుడు రామలింగేశ్వరుడు. అయినా జనం నోట అది రామప్ప గుడి. రామప్ప శిల్పి పేరని మన పెద్దలు చెబుతారు. రాజును, దేవుణ్ణి కాదని పనివాని పేరు పెట్టుకొన్న నేల ఇది.

కెనడావారికి చెక్కడానికి వెండి కప్పు ఉన్నది. మనకు ఇంట్లో మాట ఉన్నది. ఈ ఆదివారం భోజనాల దగ్గర మీ పిల్లలను అడిగి చూడండి: వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు తెచ్చిన జట్టేది? దానికి గురువెవరు? వాళ్లు తెల్లమొహం వేస్తే కోప్పడకండి. మనం చెప్పలేదు గనుక వారికి తెలియదు. ఇంట్లో తాతగారుంటే ఆయన్ని కూడా అడగండి. ఇంకా రెండు పేర్లు ఆయనే చెప్పగలరేమో!